ఏడుకీ ఎనిమిదికీ మధ్య

మా బడి ఏడో తరగతితో అయిపోతుంది. ఎనిమిదిలో చేరాలంటే జిల్లా పరిషత్ హైస్కూల్ ఉన్న ఊరికి పోవాలి, నాలుగైదు కిలోమీటర్లు. జోగులాంబ గద్వాల జిల్లాలో, కృష్ణకీ తుంగభద్రకీ నడుమ ఉన్న నడిగడ్డలో మాదొక చిన్న ఊరు. 2011 జనాభా లెక్కల్లో అక్షరాస్యత సగానికి కూడా చేరని జిల్లా ఇది. టీచర్‌గా బదిలీ మీద ఇక్కడికి వచ్చేటప్పటికే ఆ లెక్క నాకు తెలుసు. ఏడు పాసైన పిల్లలు జూన్‌లో ఎటు పోయారని అడిగితే మాత్రం బడిలో ఎవరూ చెప్పలేకపోయారు. అది నాకు వింతగా అనిపించింది.

తర్వాత తెలిసింది, అది ఎవరి లెక్కలోకీ రాదని. ఏడు పాసైన పిల్ల మా రిజిస్టర్లో బడి మానేసినట్టు కాదు, మా దగ్గర చదువు పూర్తయినట్టు. హైస్కూల్ రిజిస్టర్లో ఆ పిల్ల పేరే ఎక్కలేదు కాబట్టి వాళ్ల దగ్గరా మానేసినట్టు కాదు. బడుల ఆన్‌లైన్ రికార్డు యూడైస్ ప్లస్‌లో ప్రతి పిల్లకీ పెన్ నంబర్ ఉంటుంది, బడి మారినా అదే నంబర్. మేం మా వైపు నుంచి వదిలేస్తే ఆ పేరు డ్రాప్ బాక్స్‌లోకి పోతుంది, ఇంకో బడివాళ్లు అదే నంబర్‌తో తీసుకునేదాకా అక్కడే ఉంటుంది. ఏప్రిల్ 23 ప్రాంతంలో మాకు ఆఖరి పనిదినం, జూన్ 12న మళ్లీ బడి తెరుస్తారు. ఆ మధ్యలో ఆ పిల్లకి టీచర్ లేదు, హెచ్ఎం లేడు, హాజరు పట్టీ లేదు. ఇంట్లో, చేన్లో మాత్రం చేతినిండా పని ఉంది.

ఇక్కడి పని గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. నడిగడ్డలో పండించేది మామూలు పత్తి కాదు, సీడ్ పత్తి. హైబ్రిడ్ విత్తనం ఇక్కడి చేలల్లోనే తయారవుతుంది. ఆడ మొక్కల మొగ్గని సాయంత్రం పూట బొటనవేలి గోరుతో గిల్లి, రేకులూ పుప్పొడి తిత్తులూ ఊడదీయాలి, లోపలున్న కీలానికి, అంటే పువ్వులోని ఆడ భాగానికి, దెబ్బ తగలకుండా. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి ఆ కీలానికి రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. ఒక్కో మొగ్గకీ విడిగా, చేత్తోనే చెయ్యాలి. వర్షాకాలం నడిమి నుంచి దసరా దాకా రోజూ ఇదే పని. మొక్క ఎత్తుకి పదకొండు, పన్నెండేళ్ల పిల్ల సరిగ్గా సరిపోతుంది, పెద్దవాళ్లయితే రోజంతా వంగి ఉండాలి. క్రాసింగ్ జరిగేది పొద్దున ఎండ ముదిరేలోపు, అంటే సరిగ్గా బడి వేళకి. ఆగస్టులో మా ఐదో తరగతి పిల్లల చేతులు చూస్తే ఎవరు చేనుకి పోతున్నారో గోళ్లే చెప్తాయి.

పంపకపోవడానికి కారణం పేదరికమే అని అందరూ అంటారు. నిజమే, కానీ ఇళ్లకి తిరిగితే అది ఒక్కో ఇంట్లో ఒక్కోలా కనిపించింది. ఒక ఇంట్లో ఆర్గనైజర్ (విత్తన కంపెనీకీ రైతుకీ మధ్య ఉండే మనిషి) దగ్గర తీసుకున్న అడ్వాన్స్ ఉంది, కూలీల్ని పెట్టుకుంటే ఏమీ మిగలదు. ఇంకో ఇంట్లో నాన్న హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోయాడు, చిన్న తమ్ముడిని చూసుకోవడానికి ఈ పిల్లే దిక్కు. ఒక ఇంట్లో డబ్బు సమస్యే లేదు. ఎద్దులున్నాయి, బోరుంది. ఆ తల్లి అడిగింది ఒక్కటే: "మేడం, ఆ పెద్ద బడిల బాత్రూంలకు తలుపులున్నయా? నీళ్లొస్తయా?" నాకు తెలియదు. మర్నాడు పోయి చూసొచ్చాను. తలుపులున్నాయి, నీళ్లు రావడం లేదు. అక్కడి హెచ్ఎం సార్‌కి చెప్తే పంచాయతీ మోటారు నుంచి పైపు లాగించారు. ఆ ఒక్క పైపుతో ఇద్దరు పిల్లలు చేరారు. ఆ తల్లి పక్కింటావిడకి కూడా చెప్పింది మరి.

మొదటి ఏడాది మేం చేసింది బడిబాటలో అందరూ చేసేదే. జూన్‌లో ర్యాలీ, నినాదాలు, ఇంటింటికీ తిరగడం. "పంపుతం మేడం, ఎందుకు పంపం" అనని ఇల్లు లేదు. ఎవరూ కాదనరు, అదే చిక్కు. టీచరమ్మ ఇంటికొస్తే మంచినీళ్లిచ్చి, మంచం వాల్చి కూర్చోబెట్టి సరేనంటారు. జూలైలో హైస్కూల్‌కి ఫోన్ చేస్తే సగం పేర్లు లేవు.

మా హెచ్ఎం మేడం ఉద్యోగంలో చేరిన కొత్తలో రంగారెడ్డి జిల్లాలో పనిచేశారు. అక్కడ శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి పనిలో ఉన్న పిల్లల్ని బ్రిడ్జి క్యాంపుల (వయసుకు తగ్గ తరగతికి సిద్ధం చేసే శిబిరాల) ద్వారా బడిలోకి తెచ్చిన పద్ధతిని దగ్గర్నుంచి చూశారు. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నది వాళ్ల సూత్రం. శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది, ఆ తర్వాత జాతీయ బాలల హక్కుల కమిషన్‌కి మొదటి అధ్యక్షురాలయ్యారు. మా మేడం వాళ్ల దగ్గర నేర్చుకున్నది మాత్రం చాలా చిన్న సంగతి: జూన్‌లో అడిగితే ఆలస్యం, పిల్ల మన బెంచీ మీద కూర్చుని ఉన్నప్పుడే తర్వాతి బెంచీ చూపించాలి.

అలా పనంతా మార్చికి జరిపాం. ముందు ఏడో తరగతి పిల్లల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి హైస్కూల్ హెచ్ఎం సార్ చేతికిచ్చాం. వాళ్ల ఎనిమిదో తరగతి పట్టీలో పెన్సిల్‌తో ఆ పేర్లు ఎక్కించుకున్నారాయన. దానికి ప్రభుత్వపరంగా ఏ విలువా లేదు. అయినా జూన్ 12న హాజరు పిలిచినప్పుడు పలకని పేరంటూ ఒకటి ఉంటుంది కదా, పలకకపోతే సాయంత్రానికి నాకు ఫోన్ వస్తుంది. ఏప్రిల్‌లో ఒక రోజు పిల్లలందరినీ అక్కడికి తీసుకెళ్లాం. మధ్యాహ్న భోజనం అక్కడే పెట్టారు. సైన్స్ ల్యాబ్‌లో ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి లిట్మస్ కాగితం రంగు మార్చి చూపించింది, ఆ అమ్మాయిది మా ఊరే. మా పిల్లలు ల్యాబ్ కన్నా ఆ అమ్మాయినే ఎక్కువ చూశారు.

టీసీల సంగతి ఇంకోటి. మామూలుగా తల్లిదండ్రులు వచ్చి అడిగితేనే ఇస్తాం. రాని వాళ్లు ఎవరో గమనిస్తే చాలు, మానేయబోయే పిల్లలు ఎవరో వేరే సర్వే అక్కర్లేకుండా తెలుస్తుంది. అందుకని ఆఖరి పనిదినానికి ముందే తల్లుల్ని పిలిపించి, దరఖాస్తు మీద సంతకమో వేలిముద్రో పెట్టించి, టీసీలు రాసి, అదే ఆటోలో తల్లినీ పిల్లనీ హైస్కూల్‌కి తీసుకెళ్లి చేర్పించాం. టీసీ లేదని ఎక్కడైనా చేర్చుకోకపోతే విద్యా హక్కు చట్టం ఐదో సెక్షన్ చూపించొచ్చు. 2009లో వచ్చిన ఆ చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి దాకా టీసీ ఆలస్యమైందన్న కారణంతో ప్రవేశం ఆపకూడదు. పుట్టిన తేదీ రుజువు లేదని వెనక్కి పంపకూడదు. ఈ సంగతి తెలియక వెనక్కి వచ్చేసిన తల్లిదండ్రుల్ని చూశాను. ఒకసారి వెనక్కి వచ్చినవాళ్లు మళ్లీ కూలి మానుకుని పోరు.

కాగితాల్లో అసలు తలనొప్పి ఆధార్. పసిపిల్లగా ఉన్నప్పుడు తీసిన ఆధార్‌లో వేలిముద్రలు ఉండవు. ఐదేళ్లు నిండాక ఒకసారి, పదిహేను నిండాక ఒకసారి బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించాలి. మా పిల్లల్లో చాలామందికి ఆ మొదటిదే జరగలేదు. పైగా బడిలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. ఒక పిల్లకి తండ్రి పేరున్న చోట తాత పేరు పడింది. ఇవి ఏప్రిల్‌లో సరిచేయకపోతే తర్వాత స్కాలర్‌షిప్, బ్యాంకు ఖాతా, పదో తరగతి మెమో అన్నింట్లోనూ అదే తప్పు పోతుంది. ఆధార్ సెంటర్‌లో సర్వర్ లేదన్నప్పుడల్లా నాకొచ్చే టెన్షన్ ఇంతా అంతా కాదు. ఒక్కో పిల్లకి ఒక ఫైలు పెట్టాం. అందులో టీసీ జిరాక్సు, పెన్ నంబర్, ఆధార్, కులం సర్టిఫికెట్, తల్లి ఫోన్ నంబర్‌తో పాటు పక్కింటివాళ్ల ఫోన్ నంబర్. ఎందుకంటే తల్లి ఫోన్‌లో బ్యాలెన్స్ ఎప్పుడూ ఉండదు.

తర్వాత దారి. 2023 డిసెంబర్‌లో మహాలక్ష్మి పథకం మొదలయ్యాక ఆడపిల్లలకి పల్లెవెలుగులో టికెట్ లేదు, జీరో టికెట్ ఇస్తారు. టికెట్ సరే, బస్సు ఏదీ? పొద్దున బస్సు మా స్టేజీకి వచ్చేసరికి హైస్కూల్‌లో ప్రార్థన అయిపోయి ఉంటుంది. తల్లులంతా సంతకాలు పెట్టిన అర్జీ పట్టుకుని డిపోకి పోయాం. చాలాసేపు కూర్చున్నాక పొద్దున ట్రిప్పు కొంచెం ముందుకి జరిపారు. సాయంత్రం ట్రిప్పు మాత్రం కుదరదన్నారు. చలికాలంలో తొందరగా చీకటి పడుతుంది, ఆడపిల్లల్ని నడిపించలేం. ఊళ్లో ఒకాయనకి ఆటో ఉంది. నెలకింత అని మాట్లాడుకున్నాం. బడి దగ్గర్లో లేని ఆవాసాల పిల్లలకి సమగ్ర శిక్ష అనే బడుల పథకం కింద ఏడాదికి 6,000 రూపాయల దాకా రవాణా భత్యం ఉంది. పేర్లు పంపాం, మంజూరైంది కూడా. అయితే డబ్బు చేతికొచ్చేది ఎప్పుడో, ఆటోకి డీజిల్ కావాల్సింది ఇవాళ. ఆ మధ్య కాలానికి మహిళా సంఘంవాళ్లు చేబదులిచ్చారు, భత్యం పడగానే వెనక్కి కట్టే ఒప్పందం మీద. నిజం చెప్పాలంటే ఈ మొత్తం కథలో అందరికన్నా గట్టిగా నిలబడింది సంఘం ఆడవాళ్లే. నేను వెళ్లి చెప్తే "సరే మేడం" అనే మగవాళ్లు, సంఘం లీడర్ వాకిట్లో నిలబడి "ఏమన్నా, పిల్ల బస్సెక్కలేదంట?" అంటే తల దించుకునేవాళ్లు.

ఆగస్టు రాగానే మళ్లీ మొదటికొచ్చింది. చేరిన పిల్లలే మానడం మొదలుపెట్టారు. వారంలో రెండు రోజులు, తర్వాత మూడు. ఒక పొద్దున చేను దగ్గరికే పోయాను. పిల్ల నన్ను చూసి వరసల్లో వంగి దాక్కుంది. తండ్రి దాక్కోలేదు. "మా చేన్ల మా పిల్ల పని చేస్కుంటే తప్పేంది మేడం? చట్టంల కూడా ఒప్పుకుంటరంట గదా." ఆయన చెప్పింది సగం నిజం. 2016లో బాలకార్మిక చట్టం సవరించినప్పుడు పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం పూర్తిగా నిషేధించారు, సొంత కుటుంబం పనిలో సాయం చేయడానికి మాత్రం వెసులుబాటు ఇచ్చారు. అదీ బడి వేళల తర్వాత, లేదంటే సెలవుల్లో. క్రాసింగ్ పొద్దునే అవుతుంది కాబట్టి ఆ వెసులుబాటు దీనికి వర్తించదు. ఈ మాట చెప్తే ఆయన నవ్వి, "అట్లయితే పువ్వుకు చెప్పున్రి మేడం, సాయంత్రం పూయమని" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. ఏమనాలో మాత్రం తోచలేదు.

కేసు పెడతామని బెదిరించడం నాకు ఇష్టం లేదు. బెదిరిస్తే మర్నాటి నుంచి పిల్ల ఇంకో ఊరి చేన్లో ఉంటుంది, అప్పుడు వెతకను కూడా లేను. పంచాయతీ ఆఫీసులో రైతుల్నీ ఆర్గనైజర్‌నీ కూర్చోబెట్టాం. పిల్లలు పనిచేస్తున్న చేలు తనిఖీలో దొరికితే కంపెనీ విత్తనం తీసుకోదన్న భయం ఆర్గనైజర్‌కే ఎక్కువ ఉందని ఆ రోజే తెలిసింది. ఆయనే ముందుకొచ్చి, బడి పిల్లలు ఉన్న ఇళ్లకి కూలీల్ని తానే సర్దుతానన్నాడు. అన్ని ఇళ్లకీ సర్దలేదు, కొన్నింటికి సర్దాడు. మిగతా చోట్ల బేరం వేరేలా కుదిరింది. సాయంత్రం మొగ్గ గిల్లడానికి పిల్ల వస్తుంది, పొద్దున మాత్రం బస్సెక్కుతుంది. ఇది నాకు పూర్తిగా నచ్చిన ఒప్పందం కాదు. సాయంత్రమంతా వంగి పనిచేసిన పిల్ల రాత్రి ఏం చదువుతుంది? కానీ హాజరు పట్టీలో పేరు నిలబడింది.

హైస్కూల్‌లో చేరడం ఒక ఎత్తు, అక్కడ కూర్చోగలగడం ఇంకో ఎత్తు. 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. తెలుగు పేజీయే తడుముకుంటూ చదివే పిల్లలు ఎదురు పేజీ వైపు చూడనే చూడరు. వేసవి సెలవుల్లో మా బడి వరండాలోనే పొద్దున పూట క్లాసులు పెట్టాం. చదవడం, భాగహారాలు, భిన్నాలు. ఊళ్లో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న ఇద్దరు అమ్మాయిలు చెప్పారు. నిజానికి నాకన్నా వాళ్లే బాగా చెప్పారు. "అక్కా" అని పిలిచే మనిషి ముందు పిల్లలకి తప్పు చదవడానికి సిగ్గుండదు.

తొమ్మిదిలో ఉండగా ఒక పిల్లకి సంబంధం చూశారు. ఈ విషయం బడికి చివరగా తెలుస్తుంది, అంగన్‌వాడీ టీచర్‌కి ముందే తెలుస్తుంది. ఆవిడే చెప్పింది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు, ఎవరు చేశారన్నది బయటపెట్టరు. అంగన్‌వాడీల్ని చూసే ఐసీడీఎస్ సూపర్‌వైజర్ వచ్చి రెండు వైపుల వాళ్లకీ 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం గురించి చెప్పారు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లకి పెళ్లి చేస్తే చేసినవాళ్లతో పాటు చేయించినవాళ్లూ ఇరుక్కుంటారన్న మాటకి పెళ్లికొడుకు వైపువాళ్లు ముందు వెనక్కి తగ్గారు. అయితే ఆ తర్వాత ఆ పిల్ల అదే ఇంట్లో ఉంటే రోజూ మాటలే. అందుకని కస్తూర్బా విద్యాలయానికి ప్రయత్నించాం. 2004లో మొదలైన ఈ బడులు ఇలాంటి పిల్లల కోసమే. వసతి, భోజనం, చదువు అన్నీ అక్కడే. బడి మధ్యలో ఆగిపోయిన పిల్లలకి, తల్లిదండ్రులు లేని పిల్లలకి ముందు అవకాశం. ప్రవేశాలు ఎక్కువగా ఆరో తరగతిలోనే ఉంటాయి, పై తరగతుల్లో ఖాళీ ఉంటేనే. ఆ బడి నడిపే స్పెషల్ ఆఫీసర్ మేడం ఖాళీ ఉందని చెప్పగానే ఆ వారంలోనే చేర్పించాం. ఇప్పుడు తను అక్కడే పది చదువుతోంది. పండక్కి ఇంటికొస్తే తండ్రే బస్సెక్కించి పంపుతున్నాడు.

ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర స్కాలర్‌షిప్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నా ఎరుకలో ఇంట్లోవాళ్ల మనసు తొందరగా మార్చేది అదే. ఎనిమిదో తరగతిలో రాసే పరీక్ష. మానసిక సామర్థ్యం మీద 90 ప్రశ్నలు, పాఠాల మీద 90. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలు, తల్లిదండ్రుల ఆదాయం మూడున్నర లక్షలు దాటకుండా ఉంటే రాయొచ్చు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు. కస్తూర్బా, గురుకులాల్లాంటి వసతి బడుల పిల్లలకి ఇది వర్తించదు. ఎటు పంపాలన్నది తేల్చుకునేటప్పుడు దీన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మా ఊరి పిల్లాడు ఒకడు ఎంపికయ్యాడు. తండ్రి అప్పటికే వాడిని ట్రాక్టర్ మీద పెట్టే ఆలోచనలో ఉన్నాడు. ఎంపిక జాబితా చూపించాక ఆగాడు. కానీ ఎంపికైనంత మాత్రాన డబ్బు రాదు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేయాలి, ఏటా రెన్యువల్ చేయాలి, బ్యాంకు ఖాతాకి ఆధార్ సీడింగ్, అంటే ఆధార్ జోడించడం, అయి ఉండాలి. వాడి ఖాతాకి అది అవ్వలేదు. బ్యాంకులో ఫారం ఇస్తే అయిపోయిందన్నారు, అవ్వలేదు. మళ్లీ ఇస్తే మళ్లీ అదే మాట. మూడోసారి ఆ కౌంటర్ ముందు నుంచి కదలకుండా కూర్చుంటే అప్పుడైంది. గడువు ఇంకెంతో లేదు.

అందరూ నిలబడలేదు. ఒక పిల్ల ఆ ఏడాదే ఇంటివాళ్లతో వలస పోయింది, ఇప్పటికీ ఏ బడీ తన పెన్ నంబర్‌ని తీసుకోలేదు. ఇంకో పిల్ల తొమ్మిదిలో మానేసింది, ఎంత చెప్పినా తిరిగి బెంచీ మీద కూర్చోనంది. పద్నాలుగేళ్లు నిండాయి కాబట్టి ఓపెన్ స్కూల్‌లో పదో తరగతికి కట్టించాం. ఆదివారాలు పుస్తకాలు పట్టుకుని మా ఇంటికొస్తుంది, సోషల్ అంటే ఇష్టం, లెక్కలంటే ఏడుపు. మగపిల్లల సంగతి మేం కొంచెం తక్కువ పట్టించుకున్నాం. వాళ్లు ఎలాగూ పోతారనుకుంటాం గానీ సెంట్రింగ్ పనికీ హార్వెస్టర్ మీదకీ పోయేది వాళ్లే. ఈ ఏడాది పట్టీలో వాళ్ల పేర్లకీ అదే పెన్సిల్ గుర్తు పెట్టమన్నాను.

ఇప్పుడు పది పాసైన మొదటి జట్టు బయటికొచ్చింది. జూనియర్ కాలేజీ ఇంకా దూరం, మళ్లీ రెండు రిజిస్టర్ల మధ్య వేసవి, మళ్లీ టీసీ. ఈసారి మెమోలు కూడా తోడయ్యాయి. కాలేజీ ప్రిన్సిపాల్ గారికి పేర్ల జాబితా ఇచ్చొచ్చాం. పెన్సిల్‌తో రాసుకోవడానికి ఆయన ఒప్పుకోలేదు, ఆన్‌లైన్‌లో అయితేనే అన్నారు. వచ్చే సోమవారం పిల్లల్నే తీసుకుని పోతున్నాం, ఫోన్లలో ఓటీపీ రావాలి కాబట్టి తల్లుల్ని కూడా.